నెల్సన్ కాలంలో బ్రిటిష్ నేవీ ఆఫీసరు పైకి ఎలా వచ్చేవాడు: పరీక్ష రాసా, మేనమామ ఉండా?

మీ ప్రశ్న ఇదీ: "నెల్సన్ 20 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడని చదివాను. ఆ రోజుల్లో బ్రిటిష్ నేవీలో పదవులు డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లా, ప్రతిభ చూసి ఇచ్చేవాళ్లా? పేదవాళ్లు, తెల్లవాళ్లు కానివాళ్లు ఆఫీసర్లు అయ్యే వీలు ఉండేదా?"

ముందు ఒక మాట. నేను నేవీ మనిషిని కాను. మర్చంట్ నేవీలో (వర్తక నౌకల్లో) డెక్ కేడెట్‌గా ఎక్కి మాస్టర్‌గా, అంటే ఓడ కెప్టెన్‌గా, దిగాను. ఇప్పుడు విశాఖపట్నంలో కేడెట్లకు పాఠాలు చెప్పుకుంటున్నాను. తెరచాపల కాలపు నౌకాదళ చరిత్ర నాకు పాత పిచ్చి. మా పిల్లలు కూడా ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే ప్రశ్న వేస్తారు, కాకపోతే కొంచెం తిప్పి: "సార్, మనవాళ్లు ఎవరూ లేకపోతే పైకి రాలేమా?" అని.

సూటి జవాబు: డబ్బిచ్చి కొనుక్కోవడం నేవీలో లేదు. అది సైన్యంలో ఉండేది. అక్కడ కెప్టెన్ పదవికి ఇంత, కర్నల్ పదవికి ఇంత అని ధరలుండేవి, ఆ పద్ధతి 1871 దాకా నడిచింది. నేవీలో ఒకే కెరీర్‌లో మూడు దశలుండేవి, ఒక్కో దశకు ఒక్కో రూలు. లెఫ్టినెంట్ అయ్యేదాకా సముద్రం మీద గడిపిన ఏళ్లూ, పరీక్షా. లెఫ్టినెంట్ నుంచి కెప్టెన్ అయ్యేదాకా పలుకుబడీ, అదృష్టమూ. కెప్టెన్ అయ్యాక ఆయుష్షు. ఈ మూడోది వినగానే చాలామంది నమ్మరు. కానీ అసలు కీలకం అక్కడే ఉంది.

నెల్సన్‌ను ఒక్కణ్ణే చూస్తే ఈ పద్ధతి అర్థం కాదు. అతనిది అన్నీ కలిసొచ్చిన జాతకం. అందుకని పక్కనే ఇంకొకణ్ణి పెట్టి చూపిస్తాను: కుత్‌బర్ట్ కాలింగ్‌వుడ్. 1805లో ట్రఫాల్గర్ దగ్గర ఫ్రాన్సు, స్పెయిన్ నౌకాదళాలను నెల్సన్ ఓడించి ప్రాణాలు విడిచిన యుద్ధంలో అతని తర్వాతి స్థానం ఇతనిదే. నెల్సన్ కంటే పదేళ్లు పెద్ద, పదేళ్లు ముందు నేవీలో చేరాడు, అయినా జీవితాంతం నెల్సన్‌కు జూనియరే.

కాలింగ్‌వుడ్ 1748లో న్యూకాజిల్‌లో పుట్టాడు. పెద్దగా ఆస్తి మిగలని వ్యాపారి కుటుంబం. 1761లో పన్నెండేళ్ల వయసులో షానన్ అనే ఓడ ఎక్కాడు. ఎలా ఎక్కాడంటే, ఆ ఓడ కెప్టెన్ వాళ్లకు బంధువు. అప్పట్లో ఆఫీసరు కావాలనుకునే కుర్రాళ్లను ఎంపిక చేసే బోర్డు గానీ ప్రవేశ పరీక్ష గానీ ఉండేవి కావు. పోర్ట్స్‌మత్‌లో ఒక నేవల్ అకాడమీ ఉండేది గానీ అందులోంచి వచ్చేవాళ్లు కొద్దిమందే. మామూలు దారి ఏమిటంటే, కెప్టెన్‌కు తన ఓడలో కొందరు కుర్రాళ్లను తీసుకునే హక్కు ఉండేది, తనకు నచ్చినవాళ్లను, తెలిసినవాళ్ల పిల్లలను ఎక్కించుకునేవాడు. అంటే తొలి మెట్టు దగ్గరే సిఫారసు పనిచేసేది. కెప్టెన్ ఎవరినీ ఎరగని ఇంట్లో పుట్టినవాడికి ఆ మెట్టు కనపడేదే కాదు.

నెల్సన్ 1771లో చేరాడు, అతనికీ పన్నెండేళ్లే. ఎక్కిన ఓడ రైజనబుల్, దాని కెప్టెన్ మారిస్ సక్లింగ్. నెల్సన్ తల్లికి స్వయానా తమ్ముడు. మన భాషలో చెప్పాలంటే మేనమామ. అక్కడితో ఆగితే పెద్ద విశేషం కాదు, అలాంటి మేనమామలు చాలామందికి ఉన్నారు. కానీ 1775లో ఈ సక్లింగ్ నేవీ కంప్ట్రోలర్ అయ్యాడు. ఓడల నిర్మాణం, మరమ్మతులు, సరుకులు చూసే నేవీ బోర్డుకు పెద్ద తలకాయ అన్నమాట.

ఇక పరీక్ష సంగతి. లెఫ్టినెంట్ పరీక్షను 1677లో శామ్యూల్ పెపిస్ అనే అధికారి పెట్టించాడు. అంతకుముందు దర్బారు మనుషుల పిల్లలకు ఓడ నడపడం రాకపోయినా హోదా వచ్చేసేది. పెపిస్ దాన్ని కట్టడి చేశాడు. నెల్సన్ నాటికి రూలు ఇలా స్థిరపడింది: ఆరేళ్లు సముద్రం మీద గడిపి ఉండాలి, ఇరవై ఏళ్లు నిండాలి, లాగ్ పుస్తకాలూ కెప్టెన్లిచ్చిన సర్టిఫికెట్లూ తెచ్చి చూపాలి, ముగ్గురు కెప్టెన్ల ముందు నిలబడి జవాబులు చెప్పాలి. గాలి ఒడ్డువైపు తోస్తోంది, తెరచాప చిరిగింది, లంగరు పట్టడం లేదు, ఇప్పుడేం చేస్తావు? ఈ తరహాలో ఉండేది. మా మర్చంట్ నేవీ సెకండ్ మేట్, ఫస్ట్ మేట్ ఓరల్స్‌లో (నోటి పరీక్షల్లో) పరీక్ష చేసే సర్వేయర్ గారు మోడల్ ఓడలు బల్ల మీద పెట్టి అడిగేదానికీ దీనికీ స్వభావంలో పెద్ద తేడా లేదు. పుస్తకం చదివి వచ్చినవాణ్ణి రెండో ప్రశ్నకే పట్టేయొచ్చు.

నెల్సన్ 1777 ఏప్రిల్‌లో ఈ పరీక్షకు కూర్చున్నాడు. బోర్డు మీద అధ్యక్ష స్థానంలో ఎవరు? సక్లింగ్. "అమ్మ పుట్టిల్లు మేనమామ ఎరుగడా" అన్నట్టు, మేనల్లుడి అసలు వయసు మేనమామకు తెలియకపోదు. ఇరవై కాదు, పద్ధెనిమిదిన్నర. అయినా పాసయ్యాడు. మర్నాడే లోవెస్టాఫ్ అనే ఫ్రిగేట్‌కు (వేగంగా వెళ్లే మధ్యరకం యుద్ధనౌకకు) లెఫ్టినెంట్‌గా ఉత్తర్వు వచ్చింది.

ఈ "మర్నాడే" అన్నమాట దగ్గర కొంచెం ఆగాలి. పరీక్ష పాసైనంత మాత్రాన లెఫ్టినెంట్ అయిపోరు. కమిషన్ అనేది ఫలానా ఓడలో ఫలానా ఖాళీకి ఇచ్చే కాగితం. ఖాళీ లేకపోతే, ఉన్నా మీ పేరు ఎత్తేవాడు లేకపోతే, పాసైన మిడ్‌షిప్‌మన్‌గా (ఆఫీసరు కాబోయే కుర్రాడిగా) ఏళ్లకేళ్లు అక్కడే. కాలింగ్‌వుడ్ గతి అదే. నేవీలో చేరిన పద్నాలుగేళ్లకు, 1775లో గాని లెఫ్టినెంట్ కాలేదు. అదీ ఎలా? అమెరికా విప్లవ యుద్ధంలో బోస్టన్ దగ్గర బంకర్ హిల్ పోరు జరిగిన రోజున నావికుల దళంతో ఒడ్డున పనిచేసి పై అధికారి కంట్లో పడ్డాడు. ఆపైన కూడా సుఖం లేదు. 1777లో హార్నెట్ ఓడలో కెప్టెన్‌తో పడక కోర్ట్ మార్షల్ దాకా వెళ్లాడు. నిర్దోషి అన్నారు, పనిలో పనిగా ఇకమీద కాస్త ఉత్సాహంగా ఆజ్ఞలు పాటించమని సుద్దులు చెప్పి పంపారు. కెప్టెన్‌తో పడని చీఫ్ ఆఫీసర్లను నేను చాలామందిని చూశాను కాబట్టి ఆ తీర్పు చదివితే ఓడలో వాతావరణం కళ్లకు కడుతుంది.

దొంగలెక్కలు కూడా ఉండేవి. పిల్లవాడు ఇంట్లో ఆడుకుంటుంటే పేరు మాత్రం ఓడ రిజిస్టరులో ఎక్కించడం, సీ టైమ్ (సముద్రం మీద గడిపిన కాలం) కలిసొస్తుందని. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న థామస్ కాక్రన్ పేరును నేవీ కెప్టెనైన బాబాయి చిన్నప్పుడే ఇలా ఓడల పుస్తకాల్లో రాయించాడు. ఇది తప్పే, కానీ అంతా చేసేదే. అడ్మిరల్ రాడ్నీ అయితే తన కొడుకు జాన్‌ను 1780లో పదిహేనేళ్లకే పోస్ట్ కెప్టెన్‌ను, అంటే పూర్తి హోదా ఉన్న కెప్టెన్‌ను, చేసేశాడు. ఆ కుర్రాడు తర్వాత చెప్పుకోదగ్గ పని ఏదీ చెయ్యలేదు.

రెండో దశ: లెఫ్టినెంట్ నుంచి పోస్ట్ కెప్టెన్. "పోస్ట్" ఎందుకంటే, చిన్న ఓడ నడిపేవాణ్ణి కూడా మర్యాదకు కెప్టెన్ అనేవాళ్లు. ఇరవై ఫిరంగులో అంతకంటే ఎక్కువో ఉన్న ఓడకు అధికారికంగా నియమితుడైనవాడే పోస్ట్ కెప్టెన్. మధ్యలో కమాండర్ అనే మెట్టు. ఇక్కడ పరీక్ష లేదు, ఇంత సర్వీసుంటే ప్రమోషన్ అన్న రూలు లేదు. ఎవరో ఒక పెద్దాయన చెయ్యి ఎత్తాలి. లేదా పేరు మోగే యుద్ధంలో బతికి బయటపడాలి.

దూరదేశాల్లో ఉన్న కమాండర్-ఇన్-చీఫ్‌కు ఒక గొప్ప అధికారం ఉండేది. తన పరిధిలో ఎవరైనా చనిపోతే ఆ ఖాళీని తనే నింపుకోవచ్చు. లండన్ నుంచి ఉత్తర్వు రావడానికి నెలలు పడుతుంది కదా. అందుకే వెస్టిండీస్ అంటే జ్వరాల దిబ్బ అని తెలిసినా కుర్ర ఆఫీసర్లు అక్కడికి పోస్టింగ్ కోరుకునేవాళ్లు. భోజనాల బల్ల దగ్గర గ్లాసులెత్తి "రక్తపాతం జరిగే యుద్ధమో, రోగాలొచ్చే కాలమో రావాలి" అని కోరుకోవడం నేవీలో ఒక ఆనవాయితీ. వినడానికి ఘోరం, లెక్క మాత్రం సరైనదే. పైవాడు పోతేగాని కిందివాడికి చోటు లేదు.

జమైకాలో అప్పుడు సర్ పీటర్ పార్కర్ అధిపతి. నెల్సన్ ఆయన చల్లని చూపులో పడ్డాడు. 1778 చివర బ్యాడ్జర్‌కు కమాండర్, 1779 జూన్ 11న హించిన్‌బ్రూక్‌కు పోస్ట్ కెప్టెన్. వయసు ఇరవై దాటి కొన్ని నెలలు. మీరు చదివింది ఇదే. ఇక చిత్రం చూడండి: నెల్సన్ లోవెస్టాఫ్ వదిలితే ఆ లెఫ్టినెంట్ స్థానం కాలింగ్‌వుడ్‌కు, బ్యాడ్జర్ వదిలితే అదీ కాలింగ్‌వుడ్‌కే, హించిన్‌బ్రూక్ వదిలితే అదీ అతనికే వచ్చాయి. 1780 మార్చి 22న కాలింగ్‌వుడ్ పోస్ట్ కెప్టెన్ అయ్యాడు, ముప్పై ఒకటో ఏట. ఈ ఓడ పాల్గొన్న దండయాత్ర, నికరాగువాలో శాన్ హువాన్ నది మీదుగా జరిగినది, జ్వరాలతో తుడిచిపెట్టుకుపోయింది. నెల్సన్ రోగంతో బయటపడ్డాడు. కాలింగ్‌వుడ్ తన ఓడలోని 200 మందిలో 180 మందిని పూడ్చానని రాసుకున్నాడు. ఇద్దరూ చావలేదు, ఇద్దరికీ హోదా వచ్చింది. దీనికి ప్రతిభ అని పేరు పెడతారా, పలుకుబడి అంటారా, ఒంట్లో సత్తువ అంటారా, మీ ఇష్టం. నాకైతే మూడూ ఒకే ముడిలో ఉన్నట్టు కనిపిస్తాయి.

మన బంగాళాఖాతంతో నెల్సన్‌కు ఉన్న సంబంధం కూడా జ్వరాల సంబంధమే. కుర్రతనంలో సీహార్స్ అనే ఓడ మీద తూర్పు సముద్రాలకు వచ్చి మద్రాసు, కలకత్తా, బొంబాయి, ట్రింకోమలీ తిరిగాడు. జబ్బుపడితే 1776లో ఇంటికి పంపేశారు. మేనమామ అధికారంలోకి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మూడో దశ: వరస. పోస్ట్ కెప్టెన్ అయిన తేదీ ఒక జాబితాలోకి ఎక్కుతుంది. అంతే, ఇక ఎవడూ ఎవణ్ణీ దాటలేడు. రాజుగారు తలచుకున్నా మీకంటే ఒకరోజు ముందు ఎక్కినవాడు మీ పైనే ఉంటాడు. పైవాళ్లు చనిపోతూ, అడ్మిరల్స్ అవుతూ ఉంటే మీరు పైకి జరుగుతారు. తిరుమల క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నట్టే: లోపలికి రావడానికి ఏ సిఫారసు ఉత్తరం పనిచేసినా, ఒకసారి తలుపు వేశాక ముందువాళ్లు కదలాల్సిందే.

దీని ఫలితం చూడండి. నెల్సన్ కాలింగ్‌వుడ్ కంటే తొమ్మిది నెలలు ముందు ఆ జాబితా ఎక్కాడు. ఆ తొమ్మిది నెలలే పాతికేళ్ల తర్వాత ట్రఫాల్గర్ దగ్గర ఎవరు నాయకుడో, ఎవరు ఉపనాయకుడో తేల్చాయి. 47 ఏళ్లవాడు పైన, 57 ఏళ్లవాడు కింద. అదే జాబితా నెల్సన్ కాళ్లకు కూడా అడ్డం పడింది. నైలు యుద్ధం గెలిచి, కోపెన్‌హేగెన్ గెలిచి, ఒక కన్ను చూపు, ఒక చెయ్యి పోగొట్టుకుని, దేశం మొత్తం నెత్తిన పెట్టుకున్నా నెల్సన్ చనిపోయేనాటికి వైస్ అడ్మిరల్ మాత్రమే. పూర్తి అడ్మిరల్ కాలేదు. పైన ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నారు మరి. ఇప్పుడు మన విశాఖలో తూర్పు నౌకాదళ అధిపతిది కూడా అదే హోదా.

ఇంకో సంగతి చెబుతాను. నెల్సన్‌ను జమైకాలో పైకి తెచ్చిన పీటర్ పార్కర్ అప్పటికి ఎనభై దాటి అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్‌గా ఉన్నాడు. 1806 జనవరిలో నెల్సన్ అంత్యక్రియల్లో ప్రధాన సంతాపకుడిగా నడిచింది ఆయనే.

అడ్మిరల్స్‌లోనూ మెట్లుండేవి: రియర్, వైస్, అడ్మిరల్, ఒక్కోదానిలో నీలం, తెలుపు, ఎరుపు రంగుల వరస. ఈ రంగుల పద్ధతి 1864లో ఎత్తేశారు. తెలుపు నేవీకి ఉంచుకుని ఎరుపు జెండాను వాణిజ్య నౌకలకు వదిలేశారు. ఇప్పటికీ బ్రిటిష్ మర్చంట్ ఓడ వెనక ఎగిరేది ఎర్ర జెండాయే. మా రేవుల్లో దాన్ని చూసినప్పుడల్లా పాత అడ్మిరల్స్ గుర్తొస్తుంటారు.

మరి వరస ప్రకారమే అయితే పనికిమాలినవాళ్లు కూడా అడ్మిరల్స్ అయిపోరా? అవుతారు. దానికి వాళ్లు కనిపెట్టిన మందు తమాషాగా ఉంటుంది. కింద ఉన్న ఒక మంచి కెప్టెన్‌ను అడ్మిరల్ చేయాలంటే అతనికి పైనున్న అందరినీ ఒకేసారి అడ్మిరల్స్ చేసి, అక్కర్లేనివాళ్లకు ఓడలు ఇవ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టేవాళ్లు. వీళ్లకు ఏ రంగు దళమూ ఉండదు కాబట్టి "పసుపు అడ్మిరల్స్" అని ఎగతాళి పేరు. హోదా ఆపలేరు గానీ ఓడ ఆపగలరు. హోదా వేరు, పోస్టింగ్ వేరు అన్నది గుర్తుపెట్టుకుంటే ఆ కాలపు సగం గొడవలు అర్థమవుతాయి.

యుద్ధం లేనప్పుడు అందరికీ ఇదే గతి. ఓడ లేని ఆఫీసరుకు సగం జీతం ఇచ్చి ఇంటికి పంపేవాళ్లు. నెల్సన్ కూడా 1788 నుంచి 1793 దాకా నార్‌ఫక్‌లో తండ్రిగారి ఊళ్లో ఓడ కోసం అడ్మిరాల్టీకి (లండన్‌లో నేవీని నడిపే కార్యాలయానికి) ఉత్తరాలు రాసుకుంటూ గడిపాడు. మేనమామ 1778లోనే పోయాడు, పైగా నెల్సన్ వెస్టిండీస్‌లో చట్టం పేరుతో వ్యాపారుల ఓడలు పట్టుకుని అందరితో శత్రుత్వం తెచ్చుకున్నాడు. పలుకుబడి అనేది ఆస్తి కాదు, పెద్దమనిషి పోతే ఆయనతోపాటు అదీ పోతుంది. ఫ్రాన్సుతో యుద్ధం వస్తేగాని అతనికి మళ్లీ ఓడ రాలేదు.

ఇక యుద్ధంలో ధైర్యం చూపిస్తే గుర్తింపు వచ్చేదా? వస్తే వచ్చేది. 1794 జూన్ 1 నాటి సాగర యుద్ధంలో కాలింగ్‌వుడ్ బార్‌ఫ్లర్ ఓడను బాగానే పోరాడించాడు. కానీ అడ్మిరల్ హౌ పంపిన నివేదికలో అతని పేరు లేదు. పేరున్నవాళ్లకే బంగారు పతకం. మూడేళ్లకు 1797 ఫిబ్రవరి 14న సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర జరిగిన యుద్ధంలో ఎక్సలెంట్ ఓడతో నెల్సన్ పక్కకు వచ్చి స్పెయిన్ ఓడలను చితకబాదాడు. నెల్సన్ ఆ రోజు రెండు ఓడలెక్కి పట్టుకున్నాడన్న కీర్తి వెనక ఈ దెబ్బలున్నాయి, ఆ సంగతి నెల్సనే ఒప్పుకుని కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు. ఈసారి కాలింగ్‌వుడ్‌కు పతకం ఇస్తామన్నారు. 1794ది ఇవ్వకుండా ఇది తీసుకోనన్నాడు. చివరకు రెండూ పంపారు. ఆఫీసరు కెరీర్‌లో ఫిరంగి ఎంతో, నివేదిక రాసేవాడి కలమూ అంతే.

నివేదిక తీసుకెళ్లేవాడి సంగతీ అంతే. ట్రఫాల్గర్ కబురు ఇంగ్లండుకు మోసుకెళ్లింది పికిల్ అనే చిన్న ఓడ. దాని అధికారి లాపెనోటియేర్ అప్పటికి చాలా ఏళ్లుగా లెఫ్టినెంటే. 1805 నవంబరు 4న ఫాల్మత్‌లో దిగి, గుర్రపుబండ్లు మార్చుకుంటూ 6వ తేదీ తెల్లవారుజామున అడ్మిరాల్టీ తలుపు తట్టాడు. విజయవార్త తెచ్చినవాడికి ప్రమోషన్ ఆనవాయితీ. కమాండర్ హోదా, 500 పౌన్లు ఇచ్చారు. అదే యుద్ధంలో నెల్సన్ ఓడ విక్టరీ మీద దళానికి అతని ప్రసిద్ధ సందేశం చెప్పే సిగ్నల్ జెండాలు ఎగరేయించిన లెఫ్టినెంట్ పాస్కో గాయపడ్డాడు కూడా. అతనికీ దక్కింది కమాండర్ హోదాయే. పోస్ట్ కెప్టెన్ కావడానికి 1811 దాకా ఆగాడు.

డబ్బు విషయం మీరు అడగలేదు గానీ చెప్పకపోతే ఈ మనుషులు అర్థం కారు. జీతం కంటే ప్రైజ్ మనీ మీద ఆశ ఎక్కువ. పట్టుకున్న శత్రు ఓడను అమ్మగా వచ్చిన సొమ్మును ఎనిమిది భాగాలు చేసేవారు. 1808కి ముందు కెప్టెన్‌కు మూడు భాగాలు, అందులో ఒకటి పై అడ్మిరల్‌కు. కింది నావికులందరికీ కలిపి రెండు. 1762లో హెర్మియోన్ అనే స్పెయిన్ ఓడ దొరికితే పట్టుకున్న ఇద్దరు కెప్టెన్లకు ఒక్కొక్కరికి దాదాపు 65,000 పౌన్లు, ఒక్కో నావికుడికి 480 పౌన్ల పైచిలుకు వచ్చింది. నావికుడికి అది కూడా జీవితకాలపు జీతం లాంటిదే. అందుకే ఎవరికి ఏ సముద్రం మీద పోస్టింగ్ అన్నది అంత పెద్ద విషయం.

తూర్పు సముద్రాల పోస్టింగ్ ఇందులో మేలైనది. 1794 నుంచి 1805 దాకా ఇక్కడ అధిపతిగా ఉన్న పీటర్ రేనియర్ ఎంత కూడబెట్టాడంటే, చనిపోతూ తన ఆస్తిలో పదోవంతు దేశం అప్పు తీర్చడానికి రాసిచ్చాడు. ఈయన దళంలోని సెంచూరియన్ అనే ఓడ కెప్టెన్ జాన్ స్ప్రాట్ రేనియర్, వరసకు ఆయన సోదరుడి కొడుకే. చూశారా మళ్లీ బంధుత్వం. 1804 సెప్టెంబరులో ఈ సెంచూరియన్ మా విశాఖ రేవులో రెండు వర్తక నౌకలకు కాపలాగా లంగరేసి ఉండగా ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు యుద్ధనౌకలతో వచ్చిపడ్డాడు. అసలు కెప్టెన్ జబ్బుపడి మద్రాసులో ఉన్నాడు. తాత్కాలిక కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. ఓడలో ఉన్నది ఫిలిప్స్ అనే లెఫ్టినెంట్. లిండ్ పడవ వేసుకుని వచ్చి చేరేదాకా అతనే యుద్ధం నడిపాడు. లోతు తక్కువ నీళ్లలోకి జరిగిన సెంచూరియన్ దగ్గరకు లినువా పెద్ద ఓడ మారెంగో రాలేకపోయింది. వర్తక నౌకల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుపోయింది, ఇంకొకటి ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్‌లో ఒక్కడే చనిపోయాడు. బీచ్ రోడ్డు మీద నడిచే నగరవాసుల్లో ఈ కథ తెలిసినవాళ్లు తక్కువ, అందుకే ఇంత చెప్పాను.

కాలింగ్‌వుడ్ దగ్గరకు మళ్లీ వస్తాను, ఎందుకంటే పైకి వచ్చాక ఏమవుతుందో అతని కథలోనే ఉంది. ఫిరంగి శిక్షణలో అతనికి మించినవాడు లేడు. ఐదు నిమిషాల్లో మూడుసార్లు పక్క ఫిరంగులన్నీ పేల్చగలిగితే ఏ ఓడా మీ ముందు నిలవదని సిబ్బందికి చెప్పి, సాధన చేయించి, సాధించాడు. కొరడా దెబ్బలంటే అతనికి గిట్టదు. ఆ క్రమశిక్షణ కొరడా లేకుండా తెచ్చిందని నేను కేడెట్లకు తప్పకుండా చెబుతాను. ట్రఫాల్గర్‌లో అతని రాయల్ సావరిన్ అడుగున కొత్త రాగిరేకు వేయించుకుని వచ్చింది, వేగం ఎక్కువ. అందరికంటే ముందు శత్రువు వరసలోకి దూసుకెళ్లి, మిగతా ఓడలు వచ్చేదాకా ఒంటరిగా పోరాడింది. 47 మంది చనిపోయారు, 94 మంది గాయపడ్డారు. నెల్సన్ పోయాడు, దళం మొత్తం ఇతని చేతికొచ్చింది.

బారన్ బిరుదు ఇచ్చారు, ఏటా 2,000 పౌన్ల పింఛను ఇచ్చారు. ఇంటికి మాత్రం పంపలేదు. 1803లో మార్పెత్‌లోని ఇల్లు వదిలినవాడు మళ్లీ భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ చూడలేదు. మధ్యధరా సముద్రమంతా అతని బాధ్యతే: సిసిలీ రాజుతో, టర్కీవాళ్లతో, స్పెయిన్‌వాళ్లతో ఉత్తరాలు, రాయబారాలు. ఆరోగ్యం పాడైంది, నన్ను విడిచిపెట్టండని 1808లో అడిగాడు. మీలాంటివాడు ఇంకొకడు లేడని అడ్మిరాల్టీ ఒప్పుకోలేదు. బిరుదు కూతుళ్లకు దక్కేలా చేయమని అడిగాడు, అదీ ఒప్పుకోలేదు. 1810 మార్చి 7న, ఎట్టకేలకు ఇంటికి బయలుదేరిన మర్నాడు, మినోర్కా దాటగానే ఓడలోనే పోయాడు. కొడుకులు లేరు కాబట్టి బిరుదు అతనితోనే పోయింది. నేను ఈ మనిషిని నెల్సన్ కంటే ఎక్కువ గౌరవిస్తాను. కాంట్రాక్టు అయిపోయినా రిలీవర్ రాక ఓడలో ఉండిపోయిన ప్రతివాడికీ ఇతని ఉత్తరాలు అర్థమవుతాయి.

మూడో దశ గురించి "ఆయుష్షు" అన్నానుగా. దానికి చివరి రుజువు ప్రోవో వాలిస్. 1791లో హాలిఫాక్స్‌లో పుట్టాడు. నాలుగేళ్లప్పుడే తండ్రి అతని పేరు ఓడ పుస్తకంలో రాయించాడు. 1813లో షానన్ అనే ఓడ (కాలింగ్‌వుడ్ ఎక్కినది కాదు, అదే పేరుతో కట్టిన తర్వాతిది) అమెరికా ఓడ చెసపీక్‌ను పట్టుకుంది. అప్పుడు కెప్టెన్ గాయపడి, ఫస్ట్ లెఫ్టినెంట్ చనిపోతే కొద్దిరోజులు ఓడను ఇతనే నడిపాడు. ఆ కొద్దిరోజులు ఎంత పనిచేశాయంటే, 1870లో రిటైర్మెంట్ రూల్స్ తెచ్చినప్పుడు ఫ్రాన్సు యుద్ధాల కాలంలో ఓడకు నాయకత్వం వహించినవాళ్లను యాక్టివ్ జాబితాలోనే ఉంచమన్నారు. వాలిస్ 1877లో అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్ అయ్యాడు, 1892లో నూరేళ్ల వయసులో చనిపోయేనాటికి కాగితం మీద ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. కిందివాళ్లు ఎంత తిట్టుకున్నారో ఊహించుకోండి. 1815 తర్వాత శాంతి వచ్చి పదిమంది ఆఫీసర్లలో తొమ్మిదిమంది సగం జీతం మీద కూర్చున్నారు. వాళ్లలో ముసలి లెఫ్టినెంట్లుగానే పోయినవాళ్లే ఎక్కువ.

పేదవాళ్లు రాగలిగేవాళ్లా? అరుదుగా. జేమ్స్ కుక్ యార్క్‌షైర్ వ్యవసాయ కూలీ కొడుకు. బొగ్గు ఓడల్లో పని నేర్చుకుని 1755లో మామూలు నావికుడిగా నేవీలో చేరాడు. రెండేళ్లకు మాస్టర్ అయ్యాడు. అంటే ఓడ దారి చూసే సాంకేతిక అధికారి, కమిషన్ లేనివాడు. సముద్ర పటాలు గీయడంలో అతనికి సాటి లేదు. అయినా లెఫ్టినెంట్ కమిషన్ 1768లో, దాదాపు నలభై ఏళ్ల వయసులో, ఎండెవర్ యాత్రకు నాయకుడు కావాల్సివస్తేనే ఇచ్చారు. పోస్ట్ కెప్టెన్ 1775లో.

తెల్లవాళ్లు కానివాళ్లు? జమైకాకు చెందిన జాన్ పెర్కిన్స్ ఒకడున్నాడు. ఆఫ్రికా మూలాలున్నవాడు, "జాక్ పంచ్" అని పిలిచేవారు. చిన్న ఓడలతో కరీబియన్‌లో వేగుపనులు, దాడులు చేసి 1800లో పోస్ట్ కెప్టెన్ అయ్యాడు. అతనిదంతా వెస్టిండీస్‌లోనే, అక్కడి జలాలు అతనికి తెలిసినంతగా ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లకు తెలియవు. పని అంత అవసరమైతే రూలు వంగేది.

మనవాళ్లు ఆ కాలంలో కంపెనీ ఓడల మీద లస్కర్లు, కళాసీలు, అంటే కింది స్థాయి నావికులు. ఆఫీసరు కమిషన్ దాకా రావడానికి ఇరవయ్యో శతాబ్దం పట్టింది. 1928లో డి.ఎన్.ముఖర్జీ రాయల్ ఇండియన్ మెరీన్‌లో (బ్రిటిష్ కాలపు మన నౌకాదళంలో) కమిషన్ పొందిన మొదటి భారతీయుడు, అదీ ఇంజనీరుగా. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1958 దాకా మన నౌకాదళానికి అధిపతులు బ్రిటిష్ రాయల్ నేవీ ఆఫీసర్లే, చివరివాడు స్టీఫెన్ కార్లిల్. అతని చేతుల్లోంచి బాధ్యత తీసుకున్న రామదాస్ కటారి సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో చదువుకున్నవాడు, బొంబాయిలో డఫరిన్ శిక్షణ ఓడ మొదటి బ్యాచ్. డఫరిన్ మా మర్చంట్ నేవీ వాళ్ల ఓడ, కాబట్టి ఆయన్ను మేము మావాడిగానే చెప్పుకుంటాం. రిటైరై, బర్మాలో రాయబారిగా చేసి వచ్చాక ఆయన కొన్నాళ్లు ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి ఛైర్మన్‌గా కూడా పనిచేశాడు.